పాత బండికి ముందు బుష్షులు, ఆ తర్వాతే కమాన్లు

కురిచేడు:

పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన జీపు. గుంటలో పడితే కింద నుంచి ధనామని చప్పుడు. మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరుగుతోంది. ఎక్కిన వారికి వూరు చేరేసరికి నడుము పట్టేస్తోంది. యజమాని చేతిలో వున్నదేమో కొద్దిపాటి సొమ్ము. షెడ్డుకు తోలుకుపోతే సాధారణంగా వినిపించే సలహా ఒక్కటే: "చెరో పక్కన ఒక పట్టీ ఎక్కిద్దాం, బండి లేచి నిలబడుద్ది."

బండి లేచి నిలబడే మాట నిజమే. అయితే కుదుపు తగ్గదు సరికదా, చాలాసార్లు పెరుగుతుంది. పెట్టిన డబ్బు పోతుంది. ఆ తర్వాత టైర్లు అరగడం, ఛాసిస్ చీలడం, బ్రేకు సరిగా పడకపోవడం వంటి కొత్త జబ్బులు మొదలవుతాయి. పశ్చిమ ప్రాంతంలో పాత జీపు, పాత అంబాసిడర్, మారుతి వ్యాను, మారుతి 800 వంటి బండ్లను ఇంకా నమ్ముకుని వున్న కుటుంబాలు వున్నాయి. ఆసుపత్రికి పోవాలన్నా, మిర్చి బస్తాలు వేసుకుని పోవాలన్నా, శివరాత్రికి శ్రీశైలం వెళ్లాలన్నా ఇంటి ముందు నిలబడి వున్న ఆ బండే దిక్కు. తక్కువ ఖర్చుతో దాని కుదుపు తగ్గించుకోవాలంటే ఏ సామాను ముందు, ఏది వెనుక అన్నది తెలుసుకోవలసి వుంది.

జట్కాకు వుంది, ఎడ్లబండికి లేదు

మన ఎడ్లబండిలో ఇరుసుకూ, పైన బండికీ మధ్య మెత్తటిది ఏదీ లేదు. చక్రం రాయి ఎక్కితే బండి మొత్తం ఎక్కుతుంది. జట్కాకు అలా కాదు. ఇరుసుకూ పెట్టెకూ నడుమ ఉక్కు కమాన్లు వుంటాయి. ఈ ఏర్పాటుకు లండన్‌లో ఒబడయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు 1804లోనే పేటెంటు తీసుకున్నాడు. జీపుకు, లారీకి, అంబాసిడర్ వెనుక చక్రాలకు వున్నవి కూడా ఆ జాతి కమాన్లే.

కమాను చేసే పని బరువు మోయడం, దెబ్బకు వంగడం. అయితే వంగిన ఉక్కు వూరుకోదు. మళ్లీ లేస్తుంది, మళ్లీ వంగుతుంది. ఊయలను ఒకసారి ఊపి వదిలితే చాలాసేపు ఊగినట్లే బండి కూడా ఊగుతుంది. ఈ ఊపును ఆపేందుకే షాకబ్జరు వుంది. దాని లోపల నూనె వుంటుంది. పిస్టను కదిలినప్పుడు ఆ నూనె సన్నని రంధ్రాల గుండా కష్టం మీద దూరుతుంది. ఊపులోని శక్తి అక్కడ వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో పది మైళ్లు నడిపి దిగి, షాకబ్జరును జాగ్రత్తగా తాకి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. పని చేస్తున్నది వెచ్చగా వుంటుంది. జతలో ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా వుంటే చల్లగా వున్నదాన్ని అనుమానించాలి.

మూడోది బుష్షు. కమాను చివరి కంట్లోనూ, షాకబ్జరు రెండు చివరలా వుండే చిన్న రబ్బరు ముక్క ఇది. పాత జీపులకు కొన్నిచోట్ల ఇనుప బుష్షులు, గ్రీజు నిపుళ్లు కూడా వుంటాయి. ఇరుసును దాని చోట నిలబెట్టేది ఇదే. ఇది అరిగితే ఇనుము మీద ఇనుము కొట్టుకుంటుంది. యజమానులను భయపెట్టే ఆ ధనామనే చప్పుడు కమానుది కాక చాలాసార్లు బుష్షుదే అయివుంటుంది.

ఈ మూడింటి పని వేరువేరు. బరువు మోసేది కమాను, ఊపు ఆపేది షాకబ్జరు, చోటు తప్పకుండా పట్టి వుంచేది బుష్షు. బుష్షు జబ్బుకు కమాను మందు వేస్తే కుదరదు.

పట్టీ ఎక్కిస్తే ఏమవుతుంది?

ఇక్కడ చిన్న లెక్క చూడాలి. అయిదు పట్టీల కట్టకు అదే మందం వున్న మరో పట్టీ ఎక్కిస్తే బిగువు దాదాపు అయిదో వంతు, అంటే నూటికి 20 పెరుగుతుంది. దొరికింది కదా అని మందం పట్టీ వేస్తే లెక్క మారిపోతుంది. పట్టీ మందం రెట్టింపు అయితే దాని బిగువు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 8 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే చూపుకు తేడా తెలియదు. కానీ ఆ ఒక్క పట్టీ బిగువు 2.37 రెట్లు అవుతుంది. లారీ నుంచి తీసిన పట్టీని కోసి జీపుకు వేయించిన వారు బండి కర్రలా కొడుతోందని వాపోవడానికి కారణం ఇదే.

సాధారణ కారు శరీరం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేటట్లు కమాన్లను తయారు చేస్తారు. ఈ ఊపును మనిషి ఒళ్లు తట్టుకుంటుంది. బిగువు పెరిగేకొద్దీ ఊపు వేగం పెరుగుతుంది. ఖాళీ బండి మరీ ఎగురుతుంది. చక్రం ఎగిరినప్పుడు టైరు నేల మీద వుండదు. నేల తాకని చక్రానికి బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. కమాను మింగవలసిన దెబ్బ ఛాసిస్‌కు పోయి బ్రాకెట్ల దగ్గర చీలికలు వస్తాయి.

మన దారుల సంగతి కూడా ఇక్కడ గమనార్హం. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకే ఆ నేల మీద వేసిన తారు రోడ్డు గుంటలు లేని చోట కూడా అలలు అలలుగా తేలుతుంది. ఇలాంటి రోడ్డుపై బండి ఒక అల మీద ఎగిరి, ఆ ఊపు ఆగకముందే రెండో అల మీద పడుతుంది. ఈ చోట ఆదుకునేది గట్టి కమాను కాదు. మంచి షాకబ్జరు.

ఇంటి దగ్గరే పరీక్ష

షెడ్డుకు పోయే ముందు యజమాని తానే చేసుకోదగిన పరీక్షలు ఇవి. ఇందుకు టేపు, జాకీ, చిన్న గునపం చాలు.

ముందు టైర్లలో కంపెనీ చెప్పిన మేర గాలి పట్టించాలి. బండిని ఖాళీగా సిమెంటు కళ్లం వంటి చదును చోట నిలపాలి. ప్రతి చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. కుడి ఎడమలకు పెద్ద తేడా లేకపోతే కమాన్ల మీద అప్పుడే అనుమానం పెట్టుకోనక్కరలేదు. ఒక పక్క అంగుళం దాకా దిగిపోయి వుంటే ఆ పక్క పట్టీ విరిగి అయినా వుండాలి, చదును అయిపోయి అయినా వుండాలి.

రెండోది, బండి ఒక మూల మీద ఒంటి బరువంతా వేసి నొక్కి, చటుక్కున వదలాలి. లేచి, ఒకసారి దిగి నిలబడితే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే ఆ మూల షాకబ్జరు పోయినట్లే. కమాన్లు మరీ బిగువుగా వున్న జీపు నొక్కుడుకు సరిగా కదలదు. దానికి వెచ్చదనం పరీక్ష నమ్మకమైనది. షాకబ్జరు ఒంటి మీద నూనె కారి దుమ్ము పట్టి వుంటే వేరే పరీక్ష అక్కరలేదు.

మూడోది, గునపం మొనను కమాను కంటికీ, బ్రాకెట్టుకూ మధ్య పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. రబ్బరు కొద్దిగా సాగి బిగువుగా వుంటే ఫరవాలేదు. లొడలొడ కదిలితే, రబ్బరు పగిలి పొడి రాలితే బుష్షు మార్చాలి.

నాలుగోది, ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట వుంటే బేరింగు, కింగ్ పిన్ను, లేదా బాల్ జాయింటు చూపించాలి. కుడి ఎడమలుగా పట్టుకుని ఊపితే ఆట వస్తే టై రాడ్ ఎండ్లు చూడాలి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకు దూరడం ప్రాణాపాయం. గట్టి చెక్క దిమ్మెలో, స్టాండులో ఆన్చిన తర్వాతే తల లోపల పెట్టాలి.

టైరు అరుగుదల కూడా జబ్బు చెబుతుంది. నడిమి భాగమే అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే చక్రం ఎగురుతోందన్నమాట. షాకబ్జరును చూడాలి.

డబ్బు పెట్టే వరుస

పరీక్షలు అయ్యాక చేతిలోని సొమ్మును ఈ వరుసలో ఖర్చు చేస్తే వృథా కాదు. ప్రతి మెట్టు తర్వాత నాలుగు రోజులు బండి నడిపి చూడాలి. చాలా బండ్లకు మూడో మెట్టు దాటి పోనక్కరలేదు.

మొదటి మెట్టు దాదాపు ఖర్చు లేనిది. గాలి సరిచేయడం, నిపుళ్లు వున్న చోట గ్రీజు కొట్టడం, యూ బోల్టులు బిగించడం, డిక్కీలో ఏళ్ల తరబడి పేరుకున్న ఇనుప సామాను దించడం. జీపు పట్టీల మధ్య తుప్పు పట్టి వుంటే కట్ట విప్పించి, తోమించి, గ్రాఫైటు గ్రీజు పూయించాలి. తుప్పు పట్టిన పట్టీలు ఒకదాని మీద ఒకటి జారక కట్ట మొద్దులా తయారవుతుంది. రబ్బరు బుష్షులకు మాత్రం గ్రీజు తగలనీయరాదు. రబ్బరు ఉబ్బి చెడుతుంది.

రెండో మెట్టు బుష్షులు, షాకిల్ పిన్నులు. సామాను ఖరీదు తక్కువ, కూలి ఎక్కువ. కాబట్టి ఒకటి విప్పినప్పుడే ఆ ఇరుసుకు వున్నవన్నీ మార్పించడం లాభం. రబ్బరు బుష్షు బోల్టులను చివరిసారి బిగించేటప్పుడు బండి చక్రాల మీద నిలబడి వుండాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరిగిపోతుంది. కొత్త బుష్షులు మూణ్ణాళ్లకే పోయాయనే ఫిర్యాదుకు ఇదొక కారణం.

మూడో మెట్టు షాకబ్జర్లు. ఇవి ఎప్పుడూ జతగానే మార్చాలి. ముందు రెండూ ఒకసారి, వెనుక రెండూ ఒకసారి. డబ్బు ఒక జతకే వుంటే పరీక్షలో ఎక్కువ చెడినట్లు తేలిన జతను మార్చాలి. కొత్తది బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కాలి. లోపలి గాలి పోయి, నొక్కుడు ఎక్కడా జారకుండా ఒకే తీరున వుండాలి.

నాలుగో మెట్టు కమాన్లు. విరిగితే, చదును అయితే, ఒక పక్క ఒరిగితే మార్చవలసిందే. అప్పుడు కూడా కంపెనీ లెక్క ప్రకారం అన్ని పట్టీలు, అదే మందం వున్న కట్టను కుడి ఎడమలకు జతగా వేయించాలి. ఏడాది పొడవునా ఆర్‌సీలో రాసిన బరువుకు దగ్గరగా మోసే బండికి ఎక్కువ బరువు కట్ట ఆ మోడల్‌కే తయారైనది దొరికితే వేయించవచ్చు. పంట రోజుల్లో పదిసార్లు బస్తాలు వేసుకుని, మిగతా ఏడాది మనుషులతో తిరిగే బండికి అది దండగ.

ఆఖరి మెట్టు వీల్ అలైన్‌మెంట్. దీన్ని ముందే చేయించి తర్వాత బుష్షులు మార్చేవారు వున్నారు. అప్పుడు మొదటి డబ్బు నీళ్లలో పోసినట్లే. ఇక టైరు గుండు అయిపోయిన బండికి ఈ వరుస వర్తించదు. ఆ బండికి ముందు టైరు, తర్వాతే తక్కినవి.

పాత సామాను కొంటే

విజయవాడ ఆటోనగర్‌కు పోయి పాత బండ్ల నుంచి విప్పిన సామాను తెచ్చుకోవడం ఆనవాయితీ. ఇందులో తప్పు లేదు. అయితే ఏది పాతది కొనవచ్చో, ఏది కొనరాదో తెలియాలి. షాకిల్ ప్లేట్లు, బ్రాకెట్లు అరగనివైతే పాతవి పనికివస్తాయి. అదే మోడల్ కమాను కట్ట వంపు చెడకుండా, పగుళ్లు లేకుండా వుంటే తీసుకోవచ్చు. కంటి చుట్టూ, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర సన్నని గీత వంటి పగులు కోసం వెలుతురులో చూడాలి. షాకబ్జర్లు, రబ్బరు బుష్షులు, యూ బోల్టులు మాత్రం పాతవి కొనరాదు. యూ బోల్టు ఒకసారి బిగింపుకు సాగి వుంటుంది. మళ్లీ అంత పట్టు ఇవ్వదు.

షాకబ్జరు కొత్తది కొన్నా పాతదాన్ని చేతిలో పట్టుకుని పోవాలి. పూర్తిగా లాగినప్పటి పొడవు, పూర్తిగా నొక్కినప్పటి పొడవు రెండూ కంపెనీ వేసినదానితో సరిపోవాలి. పొట్టిదైతే గుంటలో దిగినప్పుడు తెగుతుంది. పొడుగైతే దెబ్బకు అడుగు తగిలి పగులుతుంది. బిల్లు తీసుకోవాలి. బిల్లు లేని సామానుకు వారంటీ అడిగే దారి లేదు.

చేయకూడని పనులు

విరిగిన పట్టీని వెల్డింగ్ చేయించరాదు. కమాను ఉక్కుకు ఒక పద్ధతిలో కాచి చల్లార్చిన పదును వుంటుంది. వెల్డింగ్ మంటకు ఆ పదును పోయి పక్కనే మళ్లీ విరుగుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు పెట్టించి అలాగే బిగించడం కూడా ఇంతే. మళ్లీ పదును పెట్టే ఏర్పాటు వున్న చోటనే ఆ పని చేయించాలి.

బండి ఎత్తుగా కనబడాలని పొడుగు షాకిళ్లు వేసే అలవాటు కొందరు యువకులకు వుంది. దీనివల్ల ఇరుసు వాలు మారి, స్టీరింగు నిలకడ తప్పుతుంది. బ్రేకు గొట్టం పొడవు చాలక లాక్కుపోయే ప్రమాదం కూడా వుంది. కారుకు కిందకు దిగాలని కాయిల్ స్ప్రింగును కోయించడం దీనికి తమ్ముడు. పది చుట్లలో రెండు కోస్తే మిగిలిన స్ప్రింగు నూటికి 25 బిగువెక్కుతుంది. చక్రం కిందకు వేలాడినప్పుడు స్ప్రింగు తన చోటు వదిలే అవకాశం వుంది. చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చితే ఎత్తు వస్తుంది గాని, ఆ చుట్టు పని చేయకుండా పోయి బండి కొట్టుడు పెరుగుతుంది.

పందెపు కార్లకూ ఇదే వరుస

ఇదంతా జీపుల గొడవ, వేగపు కార్లకు వేరే శాస్త్రం అనుకోనక్కరలేదు. ఇంగ్లాండులో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ అనే పేరుపొందిన స్పోర్ట్స్ కారుకు వెనుక వున్నవి కమాను పట్టీలే. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఆ దేశపు బండే. అక్కడ పాత ఎంజీబీని తక్కువ ఖర్చులో చక్కబెట్టాలనుకునే వారి ముందున్న ప్రశ్న మన జీపు యజమాని ప్రశ్నే: స్ప్రింగు మార్చాలా, ముందు అరిగినవి మార్చాలా? జవాబు కూడా అదే. అరిగిన బుష్షు మీద ఎంత ఖరీదు స్ప్రింగు వేసినా చక్రం చోటు తప్పుతూనే వుంటుంది. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీకి నాలుగు చక్రాలకూ కమాన్లే. మోటారు ర్యాలీలలో ఏళ్ల తరబడి పరుగెత్తిన బండి అది. ర్యాలీకి దిగే బండికి మంచి షాకబ్జర్లు లేకపోతే చక్రం నేలను పట్టుకుని వుండదు.

ఘాట్‌లో తెలిసిపోతుంది

దోర్నాల నుంచి శ్రీశైలం, గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల దారుల్లో బండి లోపాలన్నీ బయటపడతాయి. వూళ్లో కుదుపు నడుము నొప్పితో పోతుంది. ఘాట్‌లో అదే కుదుపు మలుపు తప్పిస్తుంది. దిగుడులో బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది. షాకబ్జర్లు చెడితే ముక్కు దిగి, వెనుక చక్రాలు తేలికై జారతాయి. మలుపు మధ్యలో గతుకు వస్తే ఎగిరిన చక్రం పక్కకు తప్పుకుంటుంది. పైన క్యారియర్ మీద మూటలు వుంటే బండి ఇంకా ఒరుగుతుంది. కుటుంబంతో ఘాట్ ఎక్కే ముందు పైన చెప్పిన పరీక్షలకు ఒక గంట కేటాయించడం మంచిది. మూటలు పైన కాక లోపల, అడుగున సర్దుకోవాలి.

చట్టం ఏమంటోంది?

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. అరిగిన సామాను తీసి అదే రకం కొత్తది వేయడం మరమ్మతు, దానికి అడ్డులేదు. పట్టీలు ఎక్కించినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన బరువు పెరగదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కమాను మోసినా ఇరుసు, బ్రేకులు, టైర్లు ఆ అదనపు బరువుకు తయారైనవి కావు.

షెడ్డులో అడగవలసిన మాట

బండి అప్పగించేటప్పుడు "కుదుపు తగ్గించు" అని వదిలేయరాదు. "అన్నా, పట్టీ సంగతి తర్వాత చూద్దాం. ముందు బుష్షులు, షాకబ్జర్లు చూసి ఏది పోయిందో నాకు చూపించు" అని అడగాలి. విప్పిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోవాలి. ఇంట్లో కొలిచి రాసుకున్న కాగితం చూపిస్తే మెకానిక్‌కు కూడా పని తేలిక అవుతుంది. పని అయ్యాక ఒక 500 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ షెడ్డుకు పోయి యూ బోల్టులు బిగింపు చూపించుకోవాలి. కొత్త కట్ట సర్దుకునేటప్పుడు అవి వదులవుతాయి. ఈ చివరి పనికి పట్టేది పావుగంటే. బోల్టు వదులై ఇరుసు జరిగితే అంతవరకు పెట్టిన ఖర్చంతా దారిలోనే పోతుంది.